పాత వ్యానులో ఎర్తు దోషము: నిదానము, చికిత్స

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో భారతమును గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లమీదనే, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, తడవికొనుచు నేర్చుకొంటిని. వానిని గురించి చెప్పదగినవారు నాకన్న పెద్దలు ఈ సభలోనే కలరు. వ్యానుల ఎర్తును గురించి చెప్పినవారు మాత్రము ఇంతవరకు ఈ వేదికపై కానరాలేదు. కార్యదర్శిగారు మొదట నవ్విరి, పిదప అంగీకరించిరి. వారికి నా కృతజ్ఞత.

మురమళ్ళలో వ్యాను లేనిదే దినము గడవదు. వీరేశ్వరస్వామివారి నిత్యకల్యాణమునకు పెండ్లికావలసిన పిల్లలను వెంటబెట్టుకొని వచ్చువారు, రొయ్యల చెరువులనుండి సరకు తరలించువారు, బడిపిల్లలను చేరవేయువారు, అర్ధరాత్రి రోగిని అమలాపురము చేర్చవలసినవారు, అందరును వ్యానునే నమ్ముకొనియున్నారు. 2002లో ఎదుర్లంక, యానాముల నడుమ వంతెన తెరచిన పిమ్మట కాకినాడ వైపు రాకపోకలును పెరిగినవి. ఈ వ్యానులలో పెక్కు పాతవి. మారుతీవారి ఓమ్ని వ్యాను 1984లో మొదలై 2019లో నిలిచిపోయినది. కనుక నేడు మన వీధులలో తిరుగు ప్రతి ఓమ్నియు పాతబండియే. పాతబండికి వచ్చు విద్యుద్వ్యాధులలో ఎర్తు దోషము మిక్కిలి సామాన్యమైనది, మిక్కిలి చౌకగా కుదురునది, అట్లయ్యు మిక్కిలి ధనవ్యయము చేయించునది.

ముందుగా ఎర్తు అననేమో చూతము. ఇంటి దీపమునకు రెండు తీగలుండుట మీ రెరుగుదురు. ఒకదానివెంట విద్యుత్తు వచ్చును, రెండవదానివెంట మరలిపోవును. మోటారు బండిలో ప్రతి దీపమునకును, హారనుకును, ఒక్క తీగయే పోవుట చూచెదరు. రెండవ తీగ యేమైనది? బండి ఇనుప శరీరమే రెండవ తీగ. బ్యాటరీ ఋణధ్రువమును లావుపాటి తీగతో బాడీకి బిగింతురు. దీపమును దాటిన విద్యుత్తు ఆ ఇనుములోనుండియే బ్యాటరీకి తిరిగి చేరును. కావ్యములలో క్రియాపదమును కవి చెప్పక విడిచినప్పుడు వ్యాఖ్యాత దానిని అధ్యాహారము చేసికొని అన్వయించును గదా. బండిలో ఎర్తు అట్టి అధ్యాహృతపదము. కంటికి కనబడదు, అది లేనిదే వాక్యము పూర్తికాదు. అన్వయము కుదరనప్పుడు మనవారు కనబడు పదములనే మార్చుచుందురు. అదియే చిక్కు.

ఎర్తనగా భూమి. బండి రబ్బరు చక్రములపై నిలిచియుండ దానికి భూమితో సంబంధమేమని ఒక విద్యార్థి నన్నడిగెను. మంచి ప్రశ్న. ఈ పేరు తంతి శాఖనుండి వచ్చినది. 1838లో స్టైన్‌హైల్ అను జర్మను పండితుడు తంతికి రెండవ తీగ అక్కరలేదనియు, నేలయే ఆ పని చేయుననియు కనిపెట్టెను. మరుసటి సంవత్సరమే కలకత్తాలో ఓషానెస్సీ అను వైద్యుడు తంతి ప్రయోగములు చేయుచు హుగ్లీ నదీజలమునే విద్యుత్తునకు ఒక త్రోవగా వాడి చూచెను. గౌతమి యొడ్డున నివసించు మనకు ఈ ముచ్చట ప్రీతి గొలుపును. నేలకు బదులు ఇనుప చట్రము వచ్చినను పాతపేరు నిలిచిపోయినది. బండి ఎర్తునకు మట్టితో పనిలేదు.

ఇంకొక సంగతి తెలిసికొనవలెను. ఇంజను బాడీకి నేరుగా తగులుకొని యుండదు. అదురు తెలియకుండుటకు రబ్బరు దిమ్మలపై దానిని కూర్చుండబెట్టుదురు. రబ్బరులో విద్యుత్తు పారదు. సెల్ఫ్ మోటారు ఇంజనుకే బిగించియుండును. కనుక ఇంజనునుండి బాడీకి గాని, నేరుగా బ్యాటరీకి గాని, జడవలె అల్లిన రాగిపట్టీయో లావు తీగయో తప్పక యుండవలెను. ఈ పట్టీ బండి క్రింద, బురదకును నూనెకును లోబడి, ఎవరి కంటను పడక వ్రేలాడుచుండును.

ఇక నా వృత్తికి దగ్గరి మాట. ఖాతాలో ఖర్చు వ్రాసిన ప్రతి రూపాయికిని ఎచ్చటనో జమ కనబడి తీరవలెను. విద్యుత్తు లెక్కయు అంతే. బ్యాటరీ ధనధ్రువమునుండి వెడలిన ప్రతి ఆంపియరును ఋణధ్రువమునకు తిరిగి రావలెను. రాజమార్గము మూసికొన్నచో అది ఊరకుండదు, సందుగొందులు వెదకికొనును. ఎర్తు దోషపు చిత్రవిచిత్ర లక్షణములన్నియు ఈ ఒక్కమాటలోనుండి పుట్టినవే.

ఒక ఉదాహరణము. వెనుక దీపములో ఒకే బల్బునందు రెండు తంతువులుండును: సన్నదీపమునకు 5 వాట్లది, బ్రేకునకు 21 వాట్లది. రెంటికిని ఎర్తు ఒక్కటే. ఆ ఎర్తు తుప్పుపట్టి తెగినదనుకొనుడు. పగటివేళ బ్రేకు త్రొక్కితిరి. విద్యుత్తు పెద్ద తంతువులోనికి వచ్చినది, బయటికి పోవు దారి లేదు. అప్పుడది చిన్న తంతువులో వెనుకకు ఎక్కి, సన్నదీపముల తీగను పట్టుకొని, రెండవ ప్రక్క దీపములోనికి పోయి, అచ్చటి మంచి ఎర్తు ద్వారా ఇల్లు చేరును. ఫలితమేమి? బ్రేకు త్రొక్కగా బ్రేకుదీపము వెలుగదు, వెలుగకూడని సన్నదీపములు మిణుకుమిణుకుమనును. ఇండికేటరు వేయగా వెనుకదీపములు దానితో తాళము వేయుటయు ఇట్టిదే. చూచువారు స్విచ్చి చెడినదందురు, తీగలు కలిసినవందురు. వెనుక వచ్చు లారీవానికి మాత్రము ముందుబండి ఆగుచున్నట్లు తెలియదు. కాలువగట్టు త్రోవలలో ఇది ప్రాణములతోడి వ్యవహారము.

పెద్దదీపముల మాటయు చూతము. 55 వాట్ల బల్బు ఇంచుమించు నాలుగున్నర ఆంపియర్లు పుచ్చుకొనును. దాని ఎర్తులో అర ఓము అడ్డు చేరినచో 2 వోల్టులు అచ్చటనే హరించిపోవును. పండ్రెండింట రెండు పోయినంత మాత్రమున నేమి యనకుడు. వోల్టేజి ఆరవవంతు తగ్గినచో బల్బు వెలుగు దాదాపు సగమునకు దిగజారును. మరియొక గుర్తు కలదు. పెద్దదీపములు వేయగనే ఇంజను వేడిని చూపు ముల్లు లేచి, ఆర్పగనే దిగినచో అది వేడి కానేకాదు. ఇంజను వేడి రెప్పపాటులో మారదు. మీటరు వేడిని గాక ఎర్తులోని లోటును చదువుచున్నదన్నమాట.

ఇట్టి దోషము కోనసీమలో మరింత తరచుగా కలుగుటకు కారణమున్నది. సముద్రము దగ్గర, గాలిలో ఉప్పు, ఏడాది పొడవునను చెమ్మ. రాగి, ఇనుము ఒకదానినొకటి తాకుచున్న చోట ఉప్పునీరు చేరినచో ఇనుము త్వరత్వరగా క్షయించును, రాగికి చిలుము పట్టును. రొయ్యల పెట్టెలు మోయు వ్యానుల సంగతి చెప్పనే యక్కరలేదు. కరగిన మంచునీరు, చెరువు నీరు కలిసి దినదినమును చట్రముపై అభిషేకము జరుగుచుండును. 2022 జూలై గోదావరి వరదవంటిది వచ్చి బండి నీటిలో నిలిచినచో, నీరు తీసిన నాడు బాగుగనే నడచును. వ్యాధి కొన్నినెలలకు బయటపడును.

ఇప్పుడు నేను స్వయముగా చూచిన కేసు చెప్పెదను. మన గ్రామమున ఒక సోదరునకు ఓమ్ని వ్యాను కలదు. పగలు బడిపిల్లలు, రాత్రి పిలిచినవారికి ఆసుపత్రి ప్రయాణము. అదియే ఆయన కుటుంబమునకు ఆధారము. జమాఖర్చు పుస్తకము నేనే వ్రాయుదును గనుక బండి వ్యాధి నాకు ముందుగా అంకెలలో కనబడినది. మొదట బ్యాటరీ కొనిరి. వారమురోజులు బండి చక్కగా కదిలెను, మరల సెల్ఫ్ కొట్టిన టక్కుమని ఊరకుండెను. పిదప పట్టణములోని ఒక మరమ్మతుశాలవారు సెల్ఫ్ మోటారు విప్పి చుట్టించిరి. పదిరోజులు. ఆపైన ఆల్టర్నేటరు. కొత్త బ్యాటరీ పెట్టగనే బాగుపడుట వట్టి కాకతాళీయము. బిగింపులు కదిపినందున కొంత, కొత్త బ్యాటరీ బలమున కొంత, విద్యుత్తు అడ్డును త్రోసికొని పోయినది.

ఈ లోపల ఒక నిండు చూలాలిని అమలాపురము తీసికొనిపోవలసిన రాత్రి వచ్చెను. సెల్ఫ్ పలుకలేదు. ఆరుగురు చేరి గుడివీధి పొడవునను త్రోసి ఇంజనును లేపిరి. తల్లియు బిడ్డయు క్షేమముగనే ఉన్నారు. మరునాడు ఆ సోదరుడు నా అరుగుమీద కూర్చుండి, “బండి అమ్మివేసెదనండీ. ఇంకొకసారి ఇట్లు జరిగినచో ఆ పాపము నేను మోయలేను” అనెను. పాతబండి తెచ్చు ధరకు ఆయన అప్పులో సగము కూడ తీరదని నాకు తెలియును.

నేను పుస్తకమును మరల చూచితిని. బ్యాటరీ, సెల్ఫ్, ఆల్టర్నేటరు పద్దుల నడుమ రెండు చిన్న పద్దులు కనబడినవి: క్లచ్ కేబులు ఒకటి, యాక్సిలరేటరు కేబులు ఒకటి. రెండును మూడునెలల లోపలనే మార్చబడినవి. ఇవి ఎట్లు చెడినవని అడిగితిని. “పైతొడుగు కరిగి పట్టివేసినదండి” అనెను. కేబులు విద్యుత్తు ఖాతాలోని వస్తువు కాదు. దానికి కాలవలసిన పనిలేదు. ఒక ఖాతాలో రావలసిన జమ వేరొక ఖాతాలో కనబడినచో లెక్కలవానికి అంతకన్న వెలుగు అక్కరలేదు. ఇంజనుకును బాడీకిని నడుమ పట్టీ పనిచేయుట లేదు. సెల్ఫ్ కొట్టినప్పుడెల్ల నూరు ఆంపియర్ల ప్రవాహము ఆ సన్నని ఉక్కుతీగలను త్రోవగా చేసికొని బాడీకి పోవుచున్నది. కుంపటిలోని తీగవలె అవి కాగుచున్నవి. పరుగెత్తుచున్న బండిలో యాక్సిలరేటరు తీగ త్రొక్కినచోటనే పట్టివేసినచో ఏమగునో, ప్రక్కన కాలువ, లోపల బడిపిల్లలు, నేను విడమరచి చెప్పనక్కరలేదు.

బండి క్రిందికి దూరి చూడగా పట్టీ ఉన్నది, బోల్టు బిగువుగనే ఉన్నది. అయితే అంతకు ముందు సంక్రాంతికి బండికి క్రొత్తరంగు వేయించిరట. రంగు వేయువారు పట్టీ విప్పి, దాని చోట గూడ దళముగా రంగు పూసి, ఆ రంగుమీదనే పట్టీని మరల బిగించిరి. రంగు విద్యుత్తునకు గోడ. బోల్టు మరలలోని సన్నని గాట్లలో మాత్రము లోహము లోహమును తాకుచుండెను. ఒకనాడు కదలి, ఒకనాడు కదలకుండుటకు కారణ మదియే. అప్పటికే పట్టీ రాగిపోగులలో సగము చిలుము పట్టి తెగియున్నవి. క్రొత్తపట్టీకి, వాషరునకు, ఉప్పుకాగితమునకు కలిపి అయిన ఖర్చుతో హోటలులో నలుగురు టిఫిను తినలేరు.

ఇది ఊహ కాదు, కొలిచి చూచినదే. కొలుచు పద్ధతి యువకులు శ్రద్ధగా వినవలెను. మల్టీమీటరు అను చిన్నయంత్రము నేడు అందరికిని అందు ధరకు దొరకును. మీటరును డి.సి. వోల్టులపై పెట్టుడు. ముందు బ్యాటరీ రెండు ధ్రువములమీద చూడుడు. బండి ఆగి విశ్రమించియున్నప్పుడు 12.6 వోల్టుల దాపున నున్నచో బ్యాటరీ నిండుగా నున్నది. ఇంజను నడచుచుండగా 14కు అటునిటుగా నున్నచో ఆల్టర్నేటరు తన పని చేయుచున్నది. ఈ రెండును సరిగా నున్నప్పుడు బ్యాటరీ కొనవలసిన పనిలేదు.

పిమ్మట గేరు న్యూట్రలులో ఉంచి, చేతిబ్రేకు లాగి, మీటరు నల్లముల్లును బ్యాటరీ ఋణధ్రువపు సీసపు గుబ్బమీదనే ఆనించుడు, పైనున్న బిగింపుమీద కాదు. ఎఱ్ఱముల్లును ఇంజనుపై రంగులేని లోహమునకు ఆనించుడు. వేరొకరిచేత సెల్ఫ్ కొట్టించుడు. ఇంజను వెంటనే అందుకొనకుండ ముందుగనే ఇగ్నిషను కాయిలుకు పోవు సన్నతీగ విప్పియుంచుట మంచిది. మీటరు చూపు సంఖ్య ఇంజనునుండి బ్యాటరీకి తిరిగి వచ్చు దారిలో నష్టమైన వోల్టేజి. 0.2 వరకు ఓర్చుకొనవచ్చును. 0.5 దాటినచో దోషమున్నట్లే. మన సోదరుని బండిలో 2 వోల్టులకు పైగా చూపెను. పట్టీ మార్చిన పిదప 0.1 చూపెను.

నష్ట మున్నదని తెలిసిన తరువాత అది ఏ అంగుళములో నున్నదో పట్టుకొనవలెను. చిట్టా మొత్తము తప్పినప్పుడు పుటపుటకును కూడికలు సరిచూచుచు పోవుదుము గదా. అట్లే నల్లముల్లును కదపక, ఎఱ్ఱముల్లును మొదట గుబ్బపై బిగింపునకు, పిదప తీగ చివరి కొనకు, బాడీకి, పట్టీ మొదటి కొనకు, రెండవ కొనకు, తుదకు ఇంజనుకు మార్చుచు ఒక్కొక్కచోట సెల్ఫ్ కొట్టించి చూడుడు. ఏ రెండు చోట్ల నడుమ సంఖ్య ఎగిరినదో అచ్చటనే దొంగ దాగియున్నాడు. దీపములకును ఇదే పద్ధతి: దీపము వెలుగుచుండగా దాని ఎర్తు తీగ కొనకును ఋణధ్రువమునకును నడుమ చూడవలెను.

కొందరు మెకానిక్కులు ఓము మీటరుతో చూచి సున్న చూపినది గనుక ఎర్తు మంచిదని తేల్చివేయుదురు. ఇది నమ్మదగని పరీక్ష. నూరు పోగుల పట్టీలో తొంబదితొమ్మిది తెగి ఒక్కటి మిగిలినను ఆ మీటరు సున్నకు దగ్గరగనే చూపును, ఏలనన అది పంపునది అత్యల్ప ప్రవాహము. ఆ ఒక్కపోగు నూరు ఆంపియర్లను మోయగలదా? లెక్కకు చూడుడు: ఓములో నూరవవంతు అడ్డున్నను నూరు ఆంపియర్లకు ఒక వోల్టు నష్టము. అంత చిన్న అడ్డును సామాన్యపు మీటరు గుర్తింపనేలేదు. బరువు మోయుచున్నప్పుడే ఎర్తును పరీక్షింపవలెను. మీటరు దొరకనిచోట మరియొక ఉపాయము: బ్యాటరీకి బ్యాటరీ కలుపు లావు కేబులుతో ఋణధ్రువమునుండి ఇంజను లోహమునకు తాత్కాలికముగా త్రోవ వేసి సెల్ఫ్ కొట్టుడు. అంతవరకు మూల్గిన బండి ఝల్లుమని లేచినచో నిదానము పూర్తియైనది. ఒకచోటి ఎర్తు మంచిదైనంతమాత్రమున తక్కినవియు మంచివేనని మాత్రము ఎంచకుడు. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచు స్థాలీపులాక న్యాయము ఇచ్చట చెల్లదు.

చికిత్స సులభము. పట్టీ ఆను చోట ఉప్పుకాగితముతో రంగును తుప్పును పోవునట్లు, ఇనుము వెండివలె మెరయువరకు రుద్దవలెను. పండ్లుగల వాషరు వేసి గట్టిగా బిగించి, ఆ తరువాతనే పైన గ్రీజు గాని వాసెలిను గాని దట్టముగా పూయవలెను. అది ఉప్పుగాలికి గొడుగు. తెల్లని పొడి పట్టిన బ్యాటరీ గుబ్బలపై వంటసోడా కలిపిన వేడినీరు పోసి కడిగినచో పొంగి విడిపోవును. ఆ నీరు మూతలలోనుండి లోపలికి పోరాదు.

జాగ్రత్తలు రెండు మూడు చెప్పి తీరవలెను. బ్యాటరీ తీగలు విప్పునప్పుడు ఋణతీగను మొదట విప్పి, బిగించునప్పుడు దానిని చివర బిగించుడు. ఋణతీగ ఉండగా ధనతీగ విప్పుచున్న పానా బాడీకి తగిలినచో ఆ పానాయే ఎఱ్ఱగా కాలి చేతిని కాల్చును. ఋణతీగ ముందే విప్పినచో పానా తగిలినను హాని లేదు. బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును, దగ్గర బీడీ కూడదు. తీగను ఇనుముమీద గీరి మెరుపు వచ్చుచున్నదా యని చూచు అలవాటు కొందరికి కలదు. ఓమ్నిలో ఇంజను ముందుసీట్ల క్రిందనే ఉండును, పెట్రోలు గొట్టములు అచ్చటనే, కొన్నింటికి గ్యాసు కూడ. ఆ మెరుపుతో ఇల్లే కాలవచ్చును. కంప్యూటరు పెట్టె గల తరువాతి బండ్లలో అది ఆ పెట్టెనే దగ్ధము చేయగలదు. ఇంకొకటి. బాగా పాతవైన ఇంగ్లీషు బండ్లు కొన్నింటిలో ధనధ్రువమునే బాడీకి కలుపుదురు. అట్టి బండి ఎవరి పెరటిలోనైన నున్నచో నా మాటలలోని ధనమును ఋణముగను, ఋణమును ధనముగను చదువుకొనుడు.

కార్యవర్గము వారితో నేను ముందుగనే మాటలాడితిని. గ్రంథాలయము తరపున ఒక మల్టీమీటరు కొని, పుస్తకమువలెనే ఎరువిచ్చుటకు వారంగీకరించిరి. రేపటినుండి అది నిఘంటువుల బీరువాలో పై అరలో నుండును. చందాదారులు రిజిష్టరులో సంతకముచేసి తీసికొనిపోయి మూడవనాడు తిరిగి ఈయవలెను. ఎఱ్ఱముల్లును ఆంపియర్ల రంధ్రములో పెట్టి బ్యాటరీ ధ్రువములకు ఆనించినచో లోపలి ఫ్యూజు కాలును. అట్లు కాల్చినవారు క్రొత్త ఫ్యూజు తామే తెచ్చి వేయవలెను.